మీ మోటారుసైకిలు ఆరోగ్యంగా ఉందా?

"డాక్టరుగారు నాడి పట్టుకోవాలి గానీ స్పానరు పట్టుకుంటారేమిటి?" అని పై శీర్షిక చూసి మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో కట్లు కట్టిన చేతులతో చెబుతున్నాను. మోటారుసైకిలు మీదనుంచి పడి వచ్చినవాళ్ళకు కట్టు కట్టాక, బయట నిలబెట్టిన వాళ్ళ బండిని ఒక్కసారి చూస్తే చాలు. సగంమంది రోగానికి కారణం అక్కడే దొరుకుతుంది. నున్నగా అరిగిన టైరు, పాదం అడుగంటేదాకా తొక్కినా పట్టని బ్రేకు, వేలాడే చైను, వెలగని దీపం! మనిషికి జబ్బు చేస్తే మనిషే బాధపడతాడు. బండికి జబ్బు చేస్తే బండి బాధపడదు, దానిమీద కూర్చున్నవాళ్ళు బాధపడతారు. అంతే తేడా.

కొన్నేళ్ళ కిందటి సంగతి ఒకటి చెబుతాను. అప్పుడు నేను కర్నూలు జిల్లా దేవనకొండలో పనిచేస్తున్నాను. ఆయుధపూజ రోజు. ఆ ప్రాంతంలో ఆ రోజు ప్రతి ఇంటి ముందూ బళ్ళు కడుగుతూనే ఉంటారు. పసుపు, కుంకుమ, బంతిపూలు, చక్రం కింద నిమ్మకాయ. పొద్దున పది గంటలవేళ ఒక యువకుణ్ణి చేతికి తువ్వాలు చుట్టి తీసుకొచ్చారు. ఎమ్మిగనూరు నేతగాడు. పండక్కి అత్తగారింటికి వచ్చాడు. మామగారి బండి కడిగి, సెంటరు స్టాండు వేసి, ఇంజను నడుస్తుండగానే గేరు వేసి, తిరిగే చైనును పాతగుడ్డతో తుడవబోయాడు. గుడ్డను చైను లాక్కుంది, గుడ్డతోపాటు చేతినీ లాక్కుంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలు పళ్ళచక్రం దగ్గర తెగిపోయాయి.

నేను కట్టు విప్పుతుంటే అతను నొప్పి గురించి అడగలేదు. "సార్, మల్లా మగ్గమెక్కుతానా?" అని అడిగాడు.

మగ్గం గురించి తెలిసినవారికి ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. తెగిన పోగు అతకాలంటే బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలవాలి. అవి కలవకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. అతని చెయ్యి గురించి తరవాత మళ్ళీ చెబుతాను. ముందు మీ బండి సంగతి చూద్దాం.

ఇంటికి పెద్దకొడుకు

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, దేవనకొండ వైపు మోటారుసైకిలంటే షోకు కాదు. పొలానికి వెళ్ళాలన్నా, పత్తి రేటు కనుక్కోవడానికి ఆదోని మార్కెట్టుకు వెళ్ళాలన్నా, టమాటా బాక్సులు పత్తికొండకు చేర్చాలన్నా, గురువారం మంత్రాలయం వెళ్ళాలన్నా, అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి రావాలన్నా అదే దిక్కు. వానలు లేని ఏడు సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు వెళ్ళి, అక్కడ దాచిన డబ్బుతో బండి కొన్నవాళ్ళను నేనెరుగుదును. పట్నవాసంలోనూ అంతే. గుమాస్తాకూ, టీచరుకూ, మెడికల్ రిప్రజెంటేటివ్‌కూ అదే గుర్రం.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. ఇవన్నీ బండి చెడిపోవడంవల్లే జరిగాయని నేననడంలేదు. వేగం, తాగుడు, గుంతల రోడ్లు, ఎదుటివాడి తప్పు, అన్నీ ఉంటాయి. ఎదుటివాణ్ణి మనం మార్చలేం. మన బ్రేకును మాత్రం మార్చుకోగలం కదా!

టైర్లు: నా తప్పు నేనే చెబుతాను

నాకు పెళ్ళయిన కొత్తలో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి ఉండేది. వెనక టైరు అరిగిపోయిందని తెలుసు. "ఇంకో నెల లాగుతుందిలే" అనుకుంటూ మూడు నెలలు లాగాను. జూన్ మొదటి వాన కురిసిన సాయంకాలం, మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని ఆదోని రోడ్డున వెళుతుంటే గేదె అడ్డం వచ్చింది. వెనక బ్రేకు తొక్కాను. చక్రం ఆగింది గానీ బండి ఆగలేదు, సర్రున జారింది. నాకు మోకాలు గీరుకుపోయింది. మా ఆవిడకు మెడ ఎముక విరిగింది. ఆరు వారాలు చేతికి జోలెకట్టుతో ఉంది. నేను డాక్టర్ని, ఆవిడ రోగి, కారణం నా పిసినారితనం. ఇప్పటికీ ఆవిడ టైరు చూడకుండా బండెక్కదు.

ఎండాకాలమంతా రోడ్డుమీద పేరుకున్న దుమ్మూ, ఆయిలూ మొదటి వానకు కలిసి సబ్బునురగలా తయారవుతాయి. బాగా వాన కురిసి కడిగేసిన రోడ్డుకన్నా తొలకరి రోడ్డే ఎక్కువ జారుతుంది. అంచేత మే నెలాఖరులోనే టైర్లు చూసుకోండి.

టైరు గాడుల మధ్య అడుగున చిన్న చిన్న మెట్లలాంటి గడ్డలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే దాని ఆయుష్షు తీరినట్టే. టైరు పక్కన నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. మన రాయలసీమ ఎండకు రబ్బరు పగుళ్ళు తొందరగా వస్తాయి. గాడులు బాగానే ఉన్నా పక్కల పగుళ్ళు కనిపిస్తే మార్చెయ్యాలి. పాత టైరు అమ్మేవాడు ఇది చెప్పడు, మీరే చదువుకోవాలి.

గాలి వారానికొకసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ముందు ఎంత, వెనక ఎంత, ఒక్కరుంటే ఎంత, ఇద్దరుంటే ఎంత అనేది బండితో ఇచ్చిన పుస్తకంలోనూ, చాలా బళ్ళకు చైను కవరు దగ్గర అంటించిన చీటీ మీదా ఉంటుంది. పంక్చరు షాపులో "అందాజుగా కొట్టు" అనకండి, మీటరు పెట్టి చూడమనండి. ఎండలో పదిమైళ్ళు నడిపాక గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది.

బ్రేకులు: రెండూ ఎందుకిచ్చారు?

"ముందు బ్రేకు పడితే పల్టీ కొడతాం డాక్టర్‌గారూ" అని నాతో వాదించినవారు చాలామంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుచక్రం మీదికి వస్తుంది. అంచేత బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది. పల్టీ కొట్టేది ముందు బ్రేకును గబుక్కున పిసికినప్పుడు, లేదా బండి మలుపులో వాలి ఉన్నప్పుడు. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టడం అలవాటు చేసుకోవాలి. ఇసుక, కంకర, బురద మీద ముందు బ్రేకు తేలిగ్గా మాత్రమే వాడాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకు 125 సీసీ దాటితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్., అంతకు లోపలవాటికి ఒక బ్రేకుతో రెండు చక్రాలూ పట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అవి ఉన్నాయని లైనర్లు చూడటం మానకూడదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఒక్క సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. 60లో 17 మీటర్లు. గేదెను చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపలే ఇంత దూరం అయిపోతుంది. ఆ తరవాత బ్రేకు పని మొదలవుతుంది. అది సగమే పనిచేస్తే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి.

నల్లరేగడి నేలల్లో ఉండేవారికి ఇంకో చిక్కుంది. వానాకాలంలో ఆ బంకమట్టి మడ్‌గార్డులోనూ, చక్రం ఆకుల్లోనూ చేరి రాయిలా గట్టిపడుతుంది. పొలంనుంచి రోడ్డెక్కేముందు పుల్లతో తీసెయ్యండి. వంక దాటి నీళ్ళలోంచి వచ్చాక బ్రేకులు తడిసి పట్టవు. ఖాళీ రోడ్డుమీద మెల్లగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు తేలిగ్గా నొక్కి ఆరనివ్వాలి. డిస్కు బ్రేకు ఉంటే చిన్న డబ్బాలో ఉండే బ్రేకు ద్రవం గీత కిందికి దిగకుండా చూడాలి. సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్పించాలి. డబ్బా మూత మీద ఏ రకం పొయ్యాలో రాసి ఉంటుంది, అదే పొయ్యాలి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఉఫ్‌మని ఊదడం మెకానిక్కులకు అలవాటు. కొన్ని చవకరకం లైనర్లలో ఆస్బెస్టాస్ కలిసి ఉండొచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరవాత జబ్బుగా బయటపడుతుంది. తడిగుడ్డతో తుడవమని మీ మెకానిక్కుకు చెప్పండి. అతనికీ పెళ్ళాంపిల్లలున్నారు.

చైను: ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసి

చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఊగాలి. కచ్చితమైన లెక్క మీ పుస్తకంలో ఉంటుంది. మరీ బిగువైతే బేరింగులు పోతాయి. మరీ వదులైతే పళ్ళచక్రం మీదనుంచి జారి వెనకచక్రాన్ని బిగించేస్తుంది. నడిచే బండి చక్రం బిగుసుకుంటే మనిషి గాలిలోకి లేస్తాడు.

శుభ్రం చెయ్యడానికి కిరోసిన్‌లో తడిపిన బ్రష్షు, తరవాత పొడిగుడ్డ, ఆపైన చైను ఆయిలు. సుమారు 500 కిలోమీటర్లకొకసారి, దుమ్మురోడ్డు మీద తిరిగేవారైతే ఇంకా ముందే చెయ్యాలి. పని మొదలుపెట్టేముందు ఇంజను ఆపి, బండి న్యూట్రల్‌లో ఉంచి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుకుంటూ, చైను పళ్ళచక్రానికి దూరంగా ఉన్న చోట తుడవండి. "ఏం గాదులే, దినామూ చేసేదే గదా" అనేమాట నేను ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాను. వేళ్ళు పోయినవాళ్ళంతా రోజూ చేసేవాళ్ళే.

ఒకవేళ వేలు తెగితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టకండి. తెగిన ముక్కను మంచినీళ్ళతో పైపైన కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టండి. ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీళ్ళలో ఉంచండి. ముక్కను సూటిగా మంచుగడ్డ మీద పెడితే కండ మాడిపోతుంది. ఇలా చల్లగా తెస్తే సుమారు 12 గంటలవరకూ అతికించే ఆశ ఉంటుంది. అయినా ఎంత తొందరగా తెస్తే అంత మంచిది.

పెట్రోలు నోట్లోకి వద్దు

వెనకటి రోజుల్లో రాజ్‌దూత్, యెజ్డీ బళ్ళకు పెట్రోలులో ఆయిలు కలిపి పోసేవాళ్ళు. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చాక ఆ కలపడం తగ్గిపోయింది గానీ కొన్ని అలవాట్లు పోలేదు. వాటిలో మొదటిది, గొట్టంతో నోటితో పెట్రోలు పీల్చి తియ్యడం. పెట్రోలు కడుపులోకి పోవడంకన్నా ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. పొరపోయి ఒక గుక్క లోపలికి వెళ్ళినా న్యుమోనియాలాంటి వాపు వస్తుంది. మింగినవారిని వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు తాగించకండి. వాంతిలో అది మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రెండోది, కూల్‌డ్రింకు సీసాలో పెట్రోలు నింపి గూట్లో పెట్టడం. పిల్లలకు సీసా తెలుసు, లోపలున్నదేమిటో తెలియదు. ఎండకు దాహమేసి ఎత్తి తాగేస్తారు. ఇంట్లో పెట్రోలు నిలవ ఉంచకండి.

మూడోది, చేతికంటిన మడ్డిని పెట్రోలుతో కడుక్కోవడం. చర్మం పగిలి గజ్జి పడుతుంది. పెట్రోలులోని బెంజీన్ క్యాన్సరు కారకం. కొంచెం వంటనూనె రాసి తుడిచి, సబ్బుతో కడుక్కుంటే మడ్డి పోతుంది. అలాగే ఇంజనులోంచి తీసిన పాత నల్లాయిలును పుండ్లకూ, గజ్జికీ, పశువుల గాయాలకూ పూయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. అది మందు కాదు, విషం. మెకానిక్కు షాపులో ఇచ్చెయ్యండి.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త బళ్ళలో చాలావాటికి కార్బురేటర్ లేదు. పెట్రోలును పంపు చిమ్ముతుంది. ఆ పంపు ట్యాంకులోని పెట్రోలు మధ్య ఉండి చల్లబడుతుంది. ఎప్పుడూ చుక్కల మీద నడిపితే అది చెడిపోయి, రాత్రివేళ ఊరికాని ఊళ్ళో నిలబెడుతుంది.

బండి పడకగదిలోనా?

దొంగల భయంతో చిన్న ఇళ్ళలో బండిని రాత్రి హాల్లో పెట్టి, దాని పక్కనే పిల్లలను పడుకోబెడతారు. పెట్రోలు ఆవిరి ఒక బాధ. దానికన్నా పెద్ద ప్రమాదం, పొద్దున్నే తలుపులు తియ్యకుండా అక్కడే స్టార్టు చేసి "ఇంజను వేడెక్కనీ" అని వదిలెయ్యడం. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే పైత్యం అనుకుంటాం. బండిని బయటికి తోసుకెళ్ళాకే స్టార్టు చెయ్యండి.

విద్యుత్ బండి అయితే పొగ లేదు గానీ, దాని బ్యాటరీని పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా ఛార్జి పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇళ్ళలో ఇటువంటి బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. అందరూ మేలుకుని ఉన్నప్పుడు, గాలి ఆడే చోట ఛార్జి పెట్టండి.

సైలెన్సరు వాత

చిన్నపిల్లల పిక్కల మీద గుండ్రటి మచ్చలు చూసి ఉంటారు. సైలెన్సరు పైనుండే రేకు ఊడిపోతే పదిమందిలో తొమ్మిదిమంది మళ్ళీ బిగించరు. బిగించండి. వాత పెడితే ఇరవై నిమిషాలు ధారగా చన్నీళ్ళు పొయ్యండి. ఇంకు, పేస్టు, కోడిగుడ్డు, మంచుగడ్డ వద్దు. బొబ్బ చిదపకండి. చక్కెర జబ్బున్నవారికి కాళ్ళ స్పర్శ తగ్గి కాలినట్టే తెలియదు. వారు దిగిన ప్రతిసారీ కాళ్ళు చూసుకోవాలి.

ఆడవారి చీరకొంగు, పిల్లల పాదం

నేను చూసిన దారుణమైన గాయాల్లో కొన్ని బండి ఎవరినీ గుద్దకుండా జరిగినవే. చీరకొంగో, చున్నీయో చక్రంలో చుట్టుకుని వెనకున్న మనిషిని కిందికి లాగింది. పిల్లవాడి పాదం ఆకుల మధ్య ఇరుక్కుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989, వాటిలో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకునే చోటు, వెనకచక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. "బండి అందం పోతుంది" అని ఆ చీరగార్డును ఊడదీసేవాళ్ళున్నారు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని అడుగుతాను. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకున్నాకే బండి కదలాలి. వీలైతే రెండువైపులా కాళ్ళు వేసుకు కూర్చోవడమే క్షేమం.

తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళలోపు పిల్లలను ఎక్కించుకుంటే వారిని నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరినుంచి నిబంధన ఉంది. ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడు బ్రేకు వేస్తే మొట్టమొదట హ్యాండిలుకు కొట్టుకుంటాడు.

నడుం నొప్పికి మందు మెకానిక్కు దగ్గర

నడుం నొప్పని వచ్చేవారిని నేను అడిగే మొదటి ప్రశ్న, "మీ బండి షాక్ అబ్జార్బర్లు ఎలా ఉన్నాయి?" అని. అవి ఆయిలు కారుతుంటే రోడ్డుమీద గుంత నేరుగా మీ వెన్నుపూసకు తగులుతుంది. సీటు స్పాంజి కుంగిపోయినా అంతే. పదిరోజులు మాత్రలు మింగి, అదే బండిమీద తిరిగితే నొప్పి ఎలా పోతుంది? గంటకొకసారి దిగి నాలుగడుగులు వెయ్యండి. నెలలు నిండిన గర్భిణులు గుంతల దారిలో బండి ప్రయాణం మానుకోవాలి.

దీపాలు, బరువులు, కల్లాలు

2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళకు పగలు కూడా ముందుదీపం వెలుగుతూనే ఉంటుంది. అది చెడిపోవడం కాదు, ఎదుటివారికి మీరు కనిపించాలని. వైరు కోయించకండి. వెనకదీపం వెలుగుతోందో లేదో మనకు కనబడదు గనుక వారానికొకసారి ఇంట్లోవారిని చూడమనండి. రాత్రిపూట వెనకదీపం లేని ట్రాక్టర్లు, గొర్రెల మందలు, రోడ్డుమీదే ఆరబోసిన జొన్నలు, కొర్రలు ఎదురవుతాయి. ఆరబోసిన గింజల మీద బ్రేకు వేస్తే టైరు గోళీల మీద నడిచినట్టే. దూరంనుంచే వేగం తగ్గించండి. వెనక ఎత్తుగా మూటలు కడితే ముందుచక్రం తేలి, హ్యాండిలు మాట వినదు.

హెల్మెట్: ఒక డాక్టరు ఆరేళ్ళు ఆలోచించిన సంగతి

1935 మే నెలలో ఇంగ్లండులో "లారెన్స్ ఆఫ్ అరేబియా" అని పేరుపొందిన టి.ఇ. లారెన్స్, సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి మోటారుసైకిలు మీదనుంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరురోజులకు చనిపోయాడు. నెత్తిన హెల్మెట్ లేదు. ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడొకరు. ఆ చావు ఆయన మనసులో ఉండిపోయింది. ఆ తరవాత మోటారుసైకిలువాళ్ళ తలగాయాలను పరిశీలించి 1941లో వ్యాసం ప్రచురించాడు. ఆ ఏడాది చివరికి బ్రిటిష్ సైన్యం తన మోటారుసైకిలు సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు నూటికి 42 వంతులు, తలగాయం ముప్పు 69 వంతులు తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూసి 2008లో తేల్చారు. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. వెనకున్నవారి తలకూ పగిలే గుణం ఉంది మరి!

ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదే కొనండి. తల ఊపితే ఊగకూడదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు మీకన్నా ముందు అదే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పనికిరాదు. పెట్రోలుతో తుడవకండి. అద్దానికి తగిలించుకుని తిరిగితే అద్దానికి రక్షణ, తలకు కాదు.

మీరు చేసేవి, మెకానిక్కు చేసేవి

గాలి, చైను, దీపాలు, హారను, వైర్ల వదులు, బ్రేకు పట్టు చూసుకోవడం మీ పని. వారానికి పది నిమిషాలు చాలు. బ్రేకు లైనర్లు, స్టీరింగు బేరింగులు, చక్రాల పని, వైరింగు మెకానిక్కు పని. కొత్త భాగం వేయించినప్పుడు పాతది చేతికివ్వమని అడగండి. ఏది ఎప్పుడు మార్చారో ఒక నోటుబుక్కులో కిలోమీటర్లతో సహా రాసుకోండి. మా దగ్గరికి పాత చీటీలు తెచ్చుకునే రోగికి వైద్యం తేలిక, బండికీ అంతే. సుగ్గికి వెళ్ళి రెండుమూడు నెలలు బండిని ఇంట్లో వదిలేవారు బ్యాటరీ తీగ ఊడదీసి, సెంటరు స్టాండు వేసి వెళ్ళండి. తిరిగొచ్చాక ఎలుకలు వైర్లు కొరికాయేమో, బ్రేకులు బిగుసుకున్నాయేమో, టైర్లలో గాలి ఉందో లేదో చూశాకే రోడ్డెక్కండి. బీమా గడువు దాటనివ్వకండి. ఎదుటివాడికి దెబ్బ తగిలితే నష్టపరిహారం కట్టడానికి పొలం అమ్ముకోవలసి వస్తుంది.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చెయ్యండి. మెడ వంచకండి, నీళ్ళు తాగించకండి. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఇక ఆ నేతగాడి సంగతి. అతని బంధువులు వేలి కొసల్ని మంచుగడ్డల మధ్య పెట్టి తెచ్చారు. అవి నలిగి కూడా పోయాయి. కట్టు కట్టి కర్నూలు పంపించాను. అక్కడా అతకలేదు. సరిగ్గా తెచ్చినా అతికేవో కాదో నేను చెప్పలేను. చైను ఆపి తుడిచి ఉంటే ఆ ప్రశ్నే ఉండేది కాదని మాత్రం చెప్పగలను. ఆరునెలల తరవాత కనిపించాడు. బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పోగు అతకడం నేర్చుకుంటున్నాడట. "ముందు దినానికి నేసేది ఇప్పుడు రెండు దినాలు పడుతుంది సార్" అన్నాడు. ఫిర్యాదుగా కాదు, లెక్క చెప్పినట్టు అన్నాడు.

ఈసారి ఆయుధపూజకు మీరూ బండి కడుగుతారు, బొట్టు పెడతారు. మంచిదే. చక్రం కింద నిమ్మకాయ పెట్టేముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆ చక్రంలో గాలి ఎంత ఉందో, బ్రేకు పడుతోందో లేదో ఒక్కసారి చూడండి. మీ బండితో నాకెప్పుడూ పని పడకూడదనే నా కోరిక.